పాత ఫెల్ట్ టోపీ తలకు బిగుతైతే: సాగదీయడమా, బాగుచేయించడమా, వదులుకోవడమా?

మనసుకు నచ్చిన పాత ఫెల్ట్ టోపీ (ఫెల్ట్ అంటే బొచ్చునో ఉన్నినో నేయకుండా, నొక్కి చేసిన గుడ్డ) ఎప్పుడూ ఒక సైజు చిన్నదే అయి ఉంటుంది. దీన్ని దురదృష్టం అనుకోనక్కర్లేదు. టోపీ లోపల నుదుటికి ఆనుకునే తోలు పట్టీ ఏళ్ల తరబడి చెమట తాగి, ఎండి, కుంచించుకుపోతుంది. తనకు కుట్టి ఉన్న ఫెల్ట్‌ను కూడా లోపలికి లాక్కుంటుంది. అందుకే లోపలి చీటీ మీద అమెరికన్ సైజు 7¼ అని ఉన్న టోపీకి టేపు పెట్టి చూస్తే, రావలసిన 58 సెంటీమీటర్లకు బదులు 57 కూడా రాకపోవచ్చు.

కాబట్టి ఎలా సాగదీయాలని అడిగే ముందు బిగుతు ఎక్కడుందో తేల్చుకోవాలి. అది ఫెల్ట్‌లో ఉండవచ్చు, తోలులో ఉండవచ్చు, బయటి రిబ్బనులో ఉండవచ్చు. కొన్నిసార్లు సైజు సరిగ్గానే ఉండి, తల ఆకారానికీ టోపీ ఆకారానికీ పొత్తు కుదరదు. ఈ నాలుగింటికీ మందు ఒకటే అనుకుని ఆవిరి పట్టడానికి కెటిల్ దగ్గరికి పరుగెత్తేవాళ్ల వల్లే చాలా మంచి టోపీలు పాడవుతున్నాయి.

ముందు కొలత

తల చుట్టూ టేపును నుదుటి మధ్య నుంచి, చెవులకు వేలెడు పైగా, వెనక ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా తిప్పండి. టోపీని మీరు ఎక్కడ నిలుపుకుంటారో అక్కడే కొలవాలి. టోపీ లోపలి కొలతకు గుడ్డ టేపు పనికిరాదు, అది ముడతలు పడుతుంది. కాస్త దళసరి కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, తోలు పట్టీకి ఆనించి గుండ్రంగా పెట్టి, రెండు కొసలూ కలిసే చోట గీత గీసి, బయటికి తీసి కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

అమెరికన్ సైజుల్లో ఒక మెట్టు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అయితే అది వ్యాసంలో తేడా. చుట్టుకొలతలో దాదాపు ఒక సెంటీమీటరు అవుతుంది. 7 అంటే 56, 7⅛ అంటే 57, 7¼ అంటే 58 సెంటీమీటర్లు. బ్రిటిష్ అంకె ఎప్పుడూ ఒక మెట్టు తక్కువ చూపిస్తుంది: బ్రిటిష్ 7, అమెరికన్ 7⅛ ఒకటే. చీటీ మీది అంకె చూసి కొనేవాళ్లు ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు.

ఇక అసలు హద్దు. 57 నుంచి 58కి వెళ్లడమంటే ఫెల్ట్‌ను రెండు శాతం కంటే తక్కువ సాగదీయడం. మంచి బొచ్చు ఫెల్ట్ ఆ మాత్రానికి కిక్కురుమనదు. 57 నుంచి 60కి అంటే ఐదు శాతం దాటుతుంది. ఆ అదనపు చుట్టుకొలత గాల్లోంచి రాదు. టోపీ ఎత్తులోంచి, అంచు వెడల్పులోంచి, ఫెల్ట్ మందంలోంచి వస్తుంది. అర సెంటీమీటరు తేడా అయితే ఇంట్లోనే నిశ్చింతగా సరిచేసుకోవచ్చు. ఒక సెంటీమీటరైతే ఓపికగా చేయవచ్చు. రెండైతే టోపీలు చేసే నిపుణుడికి ఇవ్వాలి. అంతకు మించితే ఆ టోపీ మీది కాదు.

చుట్టుకొలతా, ఆకారమా?

టోపీ పెట్టుకుని కాసేపు ఉండి తీసేయండి. నుదుటి మీద, తల వెనక మాత్రమే ఎర్రటి గీత పడి, కణతల దగ్గర వేలు దూరేంత సందు ఉంటే టోపీ చిన్నది కాదు. మీ తల కోలగా ఉంది, టోపీ గుండ్రంగా ఉంది. ఇలాంటి టోపీని సాగదీస్తే నుదుటి నొప్పి తగ్గుతుంది కానీ కణతల దగ్గర సందు మరింత పెరిగి, గాలి వీస్తే టోపీ ఎగిరిపోతుంది. చేయవలసింది ఆకారం మార్చడం. అంచు, పైభాగం కలిసే మలుపు దగ్గర రెండు పక్కలా కొద్దిగా ఆవిరి చూపించి, అరచేతులతో పక్కల నుంచి మెల్లగా లోపలికి నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే చాలావరకు కుదురుతుంది.

పెద్ద టోపీ దుకాణాల్లో ఒకప్పుడు దీనికోసమే కన్ఫార్మేటర్ అనే యంత్రం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో పుట్టిన ఆ పరికరాన్ని తల మీద పెడితే చుట్టూ ఉన్న సన్నని కడ్డీలు తల వంపులను అనుసరించి కదిలి, ఆ ఆకారాన్ని చిన్న కాగితం మీద చిల్లులుగా అచ్చువేసేవి. ఆ కాగితాల్లో మనుషుల తలలు ఎన్ని వంకరలు తిరిగి ఉంటాయో చూస్తే, అంకె ఒక్కటే చాలదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఏమీ సాగదీయకుండా దొరికే జాగా

లోపలి తోలు పట్టీని మెల్లగా కిందికి మడిచి దాని వెనక చూడండి. పాత యజమాని తల చిన్నదైతే అక్కడ మడిచిన వార్తాపత్రిక ముక్కలు, స్పాంజి పట్టీలు, అట్టలు దాక్కుని ఉంటాయి. వాటిని తీసేస్తే ఒక్కోసారి సమస్యే ఉండదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా పనికొస్తుంది. టోపీ లోపల చుట్టూ ఒక మిల్లీమీటరు మందం ఏదున్నా, చుట్టుకొలతలో ఆరు మిల్లీమీటర్లకు పైగా మింగేస్తుంది. పట్టు అస్తరు అంచును మడిచి తోలు పట్టీ వెనక్కి దోపి ఉంటారు. ఆ మడత మందం అర మిల్లీమీటరే అయినా, అస్తరు తీసేస్తే మూడు మిల్లీమీటర్ల జాగా దొరుకుతుంది. మూడు మిల్లీమీటర్లంటే సైజు మెట్టులో దాదాపు మూడో వంతు. చాలా టోపీల్లో అస్తరు నాలుగైదు జిగురు చుక్కలతోనో, నాలుగు కుట్లతోనో నిలబడి ఉంటుంది, సులువుగా వచ్చేస్తుంది. దాన్ని పారేయకుండా కాగితంలో చుట్టి దాచండి. తయారీదారు ముద్ర సాధారణంగా దాని మీదే ఉంటుంది.

అదే చూపులో పట్టీ వెనక ఉన్న చీటీల ఫోటోలు తీసి పెట్టుకోండి. సైజు చీటీ, అమెరికన్ టోపీల్లో కార్మిక సంఘం ముద్ర ఉన్న చిన్న చీటీ లాంటివి ఆ టోపీ ఏ కాలానిదో చెప్పే ఆధారాలు. ఆవిరి తగిలితే ఊడి వచ్చేవి మొదట ఇవే.

తోలు చెప్పేదే చివరి మాట

పద్ధతి ఏదైనా, ఎంచుకునే ముందు తోలు పట్టీని పరీక్షించాలి. చూపుడు వేలితో రుద్దితే ఎర్రటి గోధుమరంగు పొడి అంటుకుంటే తోలు లోపలి నుంచే కుళ్లింది. అది మళ్లీ కోలుకోదు. మడిచినప్పుడు పగుళ్లు విచ్చుకుంటున్నాయా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, తోలు ఫెల్ట్‌తో కలిసే కుట్టు గీత. అక్కడ సూది దూరిన రంధ్రాలు తపాలా బిళ్ల అంచు చిల్లుల్లా వరసగా ఉంటాయి. బలహీనపడిన తోలును లోపలి నుంచి తోస్తే సరిగ్గా ఆ గీత వెంబడే చిరుగుతుంది. వెనక భాగంలో పట్టీ రెండు కొసలూ కలిసే చోట కుట్టు వదులైనా అంతే.

తోలు మెత్తగా, బాగానే ఉంటే తోలు సంరక్షణకు వాడే క్రీమును గుడ్డతో పలచగా రాసి ఒక రోజు ఆగండి. పట్టీని బయటికి మడిచి రాయాలి. నూనె ఫెల్ట్‌కు తగిలితే ఆ మరక పోదు. ఎక్కువ రాస్తే ఎక్కువ మెత్తబడుతుందనుకోవద్దు. ఎక్కువైనది కుట్టు రంధ్రాల్లోంచి ఫెల్ట్‌లోకి దిగుతుంది, కొన్నాళ్లకు రిబ్బను పైకి కూడా తేలుతుంది.

తోలు పోయిందని తేలితే సాగదీసే పద్ధతుల గురించి చదవనక్కర్లేదు. కొత్త పట్టీ వేయించడం ఒక్కటే దారి.

ఆవిరి పట్టి, తల మీదే ఆరనివ్వడం

అందరూ మొదట చెప్పే చిట్కా ఇదే. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. కెటిల్ ఆవిరి చూపించి, వేడిగా ఉండగానే తలకు పెట్టుకుని, ఆరేదాకా తిరగడం. ఫెల్ట్ మీ తల ఆకారాన్నే పట్టుకుంటుంది, కాబట్టి అర సైజు లోపు బిగుతుకు ఇది నిజంగానే పనిచేస్తుంది. ఆకారం పొత్తు కుదరని టోపీలకైతే దీన్ని మించినది లేదు.

చిక్కంతా ఆవిరి ఎక్కడ తగులుతుందన్నదే. తోలు పొడిగా ఉన్నప్పుడు వేడిని ఓర్చుకుంటుంది కానీ తడిసినప్పుడు 70 డిగ్రీల చుట్టుపక్కలే ముడుచుకుపోవడం మొదలుపెడుతుంది. పాతబడిన తోలుకు అంత వేడి కూడా అవసరం లేదు. కెటిల్ మూతి దగ్గర ఆవిరి 100 డిగ్రీలు. అంటే టోపీని పెద్దది చేయాలనుకుని పెట్టిన ఆవిరే తోలును శాశ్వతంగా చిన్నది చేసి, గట్టి చెక్కలా మార్చేయగలదు. అందుకే పట్టీని పూర్తిగా బయటికి తిప్పి, ఆవిరిని ఫెల్ట్‌కు మాత్రమే, జానెడు దూరం నుంచి, టోపీని తిప్పుతూ కొన్ని సెకన్లపాటు చూపించాలి. చేతికి ఫెల్ట్ వెచ్చగా, కాస్త చెమ్మగా తగిలితే చాలు. నీటి చుక్కలు కనబడితే ఎక్కువైనట్టే. పట్టీని మళ్లీ లోపలికి మడిచే ముందు ఒక నిమిషం ఆగాలి.

మొదటి సారి ఫలితం చూసి సంబరపడకండి. ఆ రాత్రి తీసి పక్కన పెడితే పొద్దుటికి సగం వెనక్కి వస్తుంది. రోజూ పెట్టుకునే టోపీకి ఈ పద్ధతి సరిపోతుంది, ఏడాదికి రెండుసార్లు పెట్టుకునేదానికి సరిపోదు.

ఆరోగ్యానికి సంబంధించిన సంగతి ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుందేలు, బీవర్ లాంటి జంతువుల బొచ్చు బాగా పెనవేసుకోవడానికి ఒకప్పుడు పాదరసం కలిసిన ద్రావణం పూసేవారు. టోపీ పనివాళ్లకు చేతులు వణకడం, మతి చెదరడం లాంటి జబ్బులు వచ్చింది దానివల్లే. అమెరికాలో ఆ వాడకం 1941లో నిలిచిపోయింది, అన్ని దేశాల్లో ఒకేసారి ఆగలేదు. అంతకు ముందటి బొచ్చు ఫెల్ట్ టోపీల్లో పాదరసం ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉండవచ్చు. అలాంటి టోపీకి మూసి ఉన్న వంటగదిలో, ముఖం దగ్గరగా పెట్టుకుని ఆవిరి పట్టవద్దు. కిటికీలు తెరిచి లేదా ఆరుబయట, చేతి తొడుగులు వేసుకుని పని చేయండి. ఇంకా మంచిది, వేడి అక్కర్లేని పద్ధతి ఎంచుకోవడం.

హ్యాట్ స్ట్రెచర్

వేడి అక్కర్లేని ఆ పద్ధతి ఇదే. నా ఓటు కూడా దీనికే. కోడిగుడ్డు ఆకారాన్ని అడ్డంగా రెండుగా కోసినట్టుండే చెక్క ముక్కలు, మధ్యలో తిప్పే మర. టోపీలో పెట్టి మర తిప్పితే రెండు ముక్కలూ దూరంగా జరుగుతాయి. ఇందులోనే హ్యాట్ జాక్ అనే తేలికైన రకం ఉంది. దానికి నిండు చెక్క బదులు ముందొక వంపు, వెనకొక వంపు మాత్రమే ఉంటాయి. జాక్ పని ఎక్కువగా టోపీ బిగుసుకుపోకుండా నిలపడం. సాగదీయడానికి నిండు చెక్కదే పైచేయి, ఎందుకంటే ఒత్తిడి చుట్టూ పడుతుంది.

పెట్టే చోటు తప్పితే పరికరం ఎంత మంచిదైనా లాభం లేదు. చెక్క సరిగ్గా తోలు పట్టీ మధ్యలో, అంచుకు సమాంతరంగా కూర్చోవాలి. పైకి జారితే టోపీ పైభాగం ఉబ్బుతుంది, తల దూరే చోటు మాత్రం అంతే ఉంటుంది. టోపీని తిరగేసి, కంటికి ఎదురుగా పెట్టుకుని చూస్తే చెక్క వాలి ఉందో లేదో తెలుస్తుంది.

మర ముందు వెనకలుగా తోస్తుంది కాబట్టి రెండు పక్కలా చెక్క ముక్కల మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ దగ్గర ఆధారం లేక ఫెల్ట్ బల్లపరుపుగా సాగి, టోపీ పక్కలు చదునవుతాయి. రెండు వైపులా నాలుగు వేళ్ల వెడల్పు సన్నని అట్ట ముక్కను చెక్కకూ తోలుకూ మధ్య దోపితే ఆ ఖాళీ మూసుకుపోయి వంపు నిలుస్తుంది. చెక్క అంచులు తోలు మీద గాడి పెట్టకుండా కూడా ఆ అట్టే కాపాడుతుంది.

చెక్క బిగుతుగా ఆనిన తరవాత పావు మలుపు తిప్పండి, అంతకు మించి వద్దు. ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఆ ఒత్తిడి తగ్గి మర తేలిగ్గా తిరుగుతుంది. అప్పుడు ఇంకో పావు మలుపు. ఇలా నాలుగైదు రోజులు నడిస్తే ఒక సెంటీమీటరు వరకు వస్తుంది. తొందరపడి ఒకేసారి రెండు మలుపులు తిప్పినవాళ్లకు వినిపించే చిటుక్కుమనే చప్పుడు కుట్టు దారానిది. తిప్పుతున్నప్పుడు కళ్లు అంచు మీద ఉండాలి. తల దూరే చోటు పెరిగి, అంచు బయటి గీత అలాగే ఉంటే అంచు అలలు తిరగడం మొదలవుతుంది. అంచుకు రిబ్బను కుట్టి ఉన్న టోపీల్లో ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. అల కనిపించిందంటే ఫెల్ట్ ఇక చాలంటోందని అర్థం.

పొడిగా చేస్తే కదలని మొండి ఫెల్ట్‌కు మాత్రం ఆవిరినీ చెక్కనూ కలపవచ్చు. పట్టీని బయటికి తిప్పి ఆవిరి చూపించి, పట్టీ సర్ది, చెక్క పెట్టి, చల్లారి పూర్తిగా ఆరేదాకా కదపకూడదు. ఫెల్ట్ ఆకారం నిలుపుకునేది ఆరేటప్పుడే. ఇంట్లో చేసే పద్ధతుల్లో ఎక్కువ ఫలితం, ఎక్కువ కాలం నిలిచే ఫలితం ఈ కలయికదే. పాదరసం గురించి చెప్పిన జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది.

చవక ప్లాస్టిక్ రకాల మీద నాకు నమ్మకం లేదు. ఒత్తిడి పెరిగితే అవే వంగుతాయి, టోపీ మాత్రం అలాగే ఉంటుంది.

బయటి రిబ్బను సంగతి

లోపల ఎంత తోసినా కదలకపోతే బయట చూడండి. పాత టోపీల చుట్టూ ఉండే రిబ్బను సాగదు. ఎడమవైపు ముడి కింద దాని కొసలు కలిపి కుట్టి ఉంటాయి. లోపల చెక్క తోస్తుంటే బయట రిబ్బను నడికట్టులా బిగించి, ఫెల్ట్ మీద గాడి పడుతుంది. ముడి కింద ఉన్న రెండు మూడు కుట్లు సన్నని కత్తెరతో తెంపి రిబ్బనును వదులు చేసి, పని పూర్తయ్యాక మళ్లీ కుట్టుకోవడం మేలు. ఒక సెంటీమీటరు లోపు ఖాళీ ఏర్పడితే ముడి దాన్ని కప్పేస్తుంది. రిబ్బనును పూర్తిగా తీసేయకండి. దాని కింద ఎండ తగలని ఫెల్ట్ అసలు రంగులో ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా ఆ ముదురు గీత బయటపడి, ఎదుటివారి చూపు దాని మీదే నిలుస్తుంది.

పూర్తిగా తడిపి పెట్టుకోవడం

బలమైన పశ్చిమ అమెరికా తరహా టోపీలను నీళ్లలో ముంచి, తల మీదే ఆరబెట్టుకునే అలవాటు ఒకటి ఉంది. అది కథగా బాగుంటుంది. ఫెల్ట్ పుట్టుకే కుంచించుకుపోవడంతో మొదలవుతుంది. తయారీలో రెండు మూడు రెట్లు పెద్దదైన శంకువు, వేడినీళ్లలో, ఒత్తిడిలో నలిగి నలిగి టోపీ అంత అవుతుంది. గట్టి అచ్చు లేకుండా తడిసి ఆరితే అది మళ్లీ ఆ దారే పడుతుంది. రంగు దిగడం, నీటి గీతలు పడటం, గట్టిదనం కోసం పట్టించిన లక్క తెల్లటి మచ్చలుగా తేలడం, తోలు ముడుచుకోవడం వీటికి అదనం. పాత టోపీకి ఈ పని చేయవద్దు.

ఫెల్ట్ రకం కూడా తీర్పు మారుస్తుంది

బొచ్చు ఫెల్ట్ సన్నగా, నునుపుగా, చేతిలో సజీవంగా ఉంటుంది. సాగదీస్తే సాగుతుంది, ఆరిన ఆకారంలో ఉంటుంది. ఉన్ని ఫెల్ట్ దళసరిగా, కాస్త గరుకుగా ఉంటుంది, సాగదీసినా వాన చినుకు పడగానే పాత కొలతకు చేరాలని చూస్తుంది. ఉన్ని టోపీకి అర సైజు మించి ఆశపడకండి. పెట్టుకోని రోజుల్లో స్ట్రెచర్ అందులోనే ఉంచండి.

మరీ పలచటి బొచ్చు ఫెల్ట్‌తో వేరే చిక్కు. 1940ల ప్రాంతంలో స్టెట్‌సన్ లాంటి టోపీల సంస్థలు తేలికపాటి టోపీలు విరివిగా అమ్మాయి. అలాంటివి ఇట్టే సాగుతాయి కానీ పైభాగం ముందు వేళ్లతో నొక్కి పట్టుకునే చోట అప్పటికే అరిగి పలచబడి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, ఎక్కడైనా కాంతి సూది మొనంత కనిపించినా ఆవిరి జోలికి పోవద్దు.

గుండ్రని పైభాగం ఉండే గట్టి బౌలర్ టోపీలు వేరే జాతి. లక్క పట్టించి రాయిలా చేసినవి. చల్లగా ఉన్నప్పుడు స్ట్రెచర్ పెడితే పగులుతాయి. వాటిని నిపుణులు పొడి వేడితో మెత్తబరిచి తల ఆకారానికి మలుస్తారు. ఇక గొట్టంలా ఎత్తుగా, నల్లగా మెరిసే పాత టాప్ హ్యాట్ చాలావరకు ఫెల్టే కాదు, లక్క పూసిన బట్ట మీద అతికిన పట్టు. దానికి ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

కొత్త పట్టీనా, మళ్లీ అచ్చు పోయించడమా?

నిపుణుడి దగ్గరికి వెళ్లడమంటే ఒకే పని కాదు, రెండు వేరు వేరు పనులు. మొదటిది పాత తోలు పట్టీ విప్పి కొత్తది కుట్టడం. పాత తోలు ఎంత కుంచించుకుపోయి ఉంటే దీనివల్ల అంత లాభం. ఫెల్ట్‌ను లోపలికి లాగుతున్న పట్టు వదిలిపోతుంది, అసలు సైజు దాదాపు తిరిగి వస్తుంది. తోలు బదులు పలచటి బట్ట పట్టీ వేయిస్తే, ఇందాకటి లెక్క ప్రకారం ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కలిసివస్తాయి. పోగొట్టుకునేది బంగారు అక్షరాల ముద్ర ఉన్న పాత తోలు. సేకరించేవాళ్ల దృష్టిలో ఆ తోలుకు విలువ ఉంది, పెట్టుకునేవాళ్లకు అంత పట్టింపు ఉండనక్కర్లేదు.

రెండోది టోపీని పూర్తిగా విప్పి, తడి ఆవిరితో మెత్తబరిచి, పెద్ద చెక్క అచ్చు మీద మళ్లీ లాగడం. పాత మడతలు పోతాయి, కొత్తవి వేయాలి. ఎత్తు తగ్గుతుంది. అంచు కూడా కొంత పైభాగంలోకి వెళ్లి సన్నబడుతుంది. రెండు సైజులు కావాలంటే ఇదొక్కటే మార్గం. ఇప్పటికే ఎత్తు తక్కువ, అంచు సన్నం ఉన్న టోపీని ఇలా సాగదీయిస్తే చివరికి చేతిలో మిగిలేది వేరే టోపీ. ఎత్తైన పైభాగం, వెడల్పాటి అంచు ఉన్న పాత ఫెడోరాలకు (పైన మడత, ముందు రెండు పక్కలా నొక్కులు ఉండే మెత్తటి ఫెల్ట్ టోపీలకు) మాత్రం ఇవ్వడానికి సరుకు ఉంటుంది. పని అప్పగించే ముందు మూడు విషయాలు అడగండి: అంచు ఎంత తగ్గుతుంది, పాత పట్టీ మళ్లీ కుడతారా, పాత రిబ్బను చాలకపోతే ఏమి వేస్తారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవారికే టోపీ ఇవ్వండి.

ఎవరికి ఏది?

నుదుటి దగ్గర మాత్రమే నొక్కుతుంటే ఆకారం సరిచేయండి, డబ్బు ఖర్చు పెట్టకండి. మూడు మిల్లీమీటర్ల లోపు అయితే అస్తరు తీసి చూడండి. రోజూ పెట్టుకునే టోపీ, తోలు బాగుంది, అర సైజు బిగుతు అయితే ఆవిరి పట్టి తల మీద ఆరనివ్వడం సరిపోతుంది. ఒక సైజు వరకు, ముఖ్యంగా 1941కి ముందరిదైతే, పొడిగా స్ట్రెచర్ వాడండి. తోలు పొడిపొడిగా రాలుతుంటే కొత్త పట్టీ వేయించండి. రెండు సైజులు, పైగా వదులుకోలేని టోపీ అయితే అచ్చు పోయించాలి, మార్పులకు సిద్ధపడాలి.

ఏ మార్పూ లేని, మడత చెదరని, చీటీలన్నీ ఉన్న అరుదైన టోపీ చిన్నదిగా దొరికితే మాత్రం దాన్ని వదిలేయమంటాను. దాని సైజు తల ఉన్నవారు ఎక్కడో ఒకరుంటారు. మీరు సాగదీసి పాడుచేసిన టోపీని మళ్లీ ఎవరూ పాతదిగా చేయలేరు. అమ్మేటప్పుడు చీటీ మీది అంకెతో సరిపెట్టకుండా, కాగితం పట్టీతో కొలిచిన లోపలి చుట్టుకొలతను సెంటీమీటర్లలో రాయండి. తోలు పట్టీ, దాని కుట్టు గీత దగ్గరగా కనిపించే ఫోటో కూడా జత చేయండి.